గృహవిజ్ఞానము: సాలెపురుగునకు భోజన మెన్నాళ్లకు?

ఈ మాసమున మాకు చేరిన లేఖలలో నొకటి తక్కినవానివంటిది కాదు. చిలుకకు ఏ పండు మంచిది, పిల్లికి పాలెన్ని మాఱులు పోయవలెను అని యడుగు సోదరీమణులకు మే మిదివఱకు ప్రత్యుత్తరము లిచ్చియున్నాము. ఈ మాఱు అమెరికా దేశమున డాలసు నగరమునుండి యొక తెలుగు సోదరి వ్రాసిన ప్రశ్న పెంపుడు సాలెపురుగును గుఱించినది. ఆమె కుమారుడు చదువునకై దూరప్రాంతమునకు పోవుచు, తాను ముద్దుగా పెంచుకొన్న టరంటులా యను పెద్ద సాలెపురుగును గాజుపెట్టెతో సహా తల్లి కప్పగించి, "అమ్మా! అప్పుడప్పుడొక కీచురాయిని వేయుచుండుము, అంతకుమించి పని లేదు" అని చెప్పి వెడలెనట.

ఆ "అప్పుడప్పుడు" అనగా నెన్నాళ్లకో ఆ బాలుడు చెప్పలేదు. తల్లి తన యలవాటు చొప్పున దినమున కొకటి వేయుచు వచ్చెను. మొదటి నెలలో నది తినెను. పిమ్మట పది వారములుగా నేదియు ముట్టుట లేదు. "ఇది చచ్చిపోవునా? పచ్చిమాంసపు ముక్క యేదైన పెట్టి చూడవలెనా? మాది శాకాహారుల యిల్లు. నా చేతులార దినమున కొక ప్రాణమును దాని యెదుట వేయుట నాకు మిక్కిలి బాధగా నున్నది. అయినను బిడ్డ యప్పగించిన జీవిని ఆకలితో చంపితినన్న మాట పడలేను" అని యామె వ్రాసినది. ఈ ప్రశ్నను చదివి నవ్వవలదని మా చదువరులను వేడుచున్నాము. నోరులేని జీవిని ఇంట నుంచుకొన్నవారి కెల్లరకును కలుగు కష్టమే యిది: అది అడుగదు, ఏడువదు, ఎంత పెట్టవలెనో మనమే కనిపెట్టవలెను.

ముందుగా ఆ సోదరికి ధైర్యము చెప్పుచున్నాము. పొట్ట నిండుగా నుండి, పళ్లెములో నీరుండి, జీవి కాళ్లు చాచుకొని నిలిచియున్నంతవఱకు పది వారముల యుపవాసము దానికి ప్రమాదము కాదు. ఆమె దానిని ఆకలితో మాడ్చలేదు. తొలినెలలో పెట్టినదే చాల యెక్కువ. ఆ యుపవాసమునకు కారణ మేమో, ఇకముందెట్లు నడచుకొనవలెనో క్రమముగా వివరింతుము.

ఈ జీవి యెట్టిది?

టరంటులా యను పేరు ఇటలీ దేశమందలి టరాంటో నగరమునుబట్టి వచ్చినది. మొదట అచ్చట ఆ పేరు కలది వేఱొక జాతి సాలీడు. తరువాత ఐరోపావారు అమెరికా ఖండములకు పోయి, అచ్చటి నూగుగల పెనుసాలీళ్లను చూచి ఆ పేరే వానికి పెట్టిరి. శాస్త్రజ్ఞులు వీనిని థెరాఫోసిడే యను కుటుంబముగా నెంచుదురు. అందు వేయికి పైగా జాతులు కలవు. దక్షిణ అమెరికాలోని గోలియత్ అను జాతి కాళ్లు చాచినయెడల అడుగు పొడవుండును. మన సోదరి యింట నున్నది చిలీదేశపు గులాబీ సాలీడని ఆమె వ్రాసిన గుఱుతులనుబట్టి తెలియుచున్నది. అది అఱచేతినంత యుండి, మట్టిరంగు దేహముమీద గులాబివన్నె రోమములు కలిగి, మిక్కిలి నెమ్మదిగా మెలగును.

వీనిలో ఆడవానికి ఆయువెక్కువ. మగవి కొలది యేండ్లలో ఈడేరి, ఆపై నొకటి రెండేండ్లలోపల చచ్చును. ఆడవి కొన్ని జాతులలో ఇరువది యేండ్లకు మించి బ్రదుకును. బాలుడు ముచ్చటపడి కొన్న జీవి అతని పెండ్లినాటికిని ఇంటనే యుండవచ్చునన్నమాట. కావున దాని పోషణము నెఱుగుట తల్లికిని అవసరమే.

ఇది యేమి తినునన్న విషయమున లోకమునకు తొలుత తెలిపినవారిలో నొక స్త్రీ కలదని చెప్పుటకు సంతసించుచున్నాము. 1647వ సంవత్సరమున జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమున జన్మించిన మరియా సిబిల్లా మెరియన్ అను చిత్రకారిణి, 1699వ సంవత్సరమున తన ఏబది రెండవ యేట, చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని, దక్షిణ అమెరికాలోని సురినామునకు ఓడనెక్కి పోయెను. అచ్చటి పురుగులను, సీతాకోకచిలుకలను, చెట్లను చూచి చిత్రించి, 1705వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డాములో నొక గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందొక చిత్రమున జామకొమ్మపై నొక పెద్ద సాలీడు తేనెపిట్టను పట్టి తినుచుండును. పందొమ్మిదవ శతాబ్దమున కొందఱు పండితులు, సాలీడు పక్షిని తినుటేమని, ఆమె మాటను కల్పనగా కొట్టివేసిరి. కాని హెన్రీ వాల్టర్ బేట్స్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు అమెజాను నదీతీరమున సాలీటికి చిక్కిన రెండు చిన్నపక్షులను కన్నులార చూచి, 1863వ సంవత్సరమున ప్రకటించిన తన గ్రంథమున వ్రాసెను. ఒకటిన్నర శతాబ్దము తరువాత నామె మాట నిలిచినది.

అయితే పక్షి దొరకుట అరుదు. అడవిలో దీని నిత్యాహారము పురుగులే. ఇంటనుంచినపుడును కీచురాళ్లు, మిడతలు, ఆహారమునకై ప్రత్యేకముగా పెంచిన బొద్దింకలు, పిండిపురుగులు చాలును. పచ్చిమాంసము అక్కఱలేదు, అది పెట్టెలో కుళ్లి దుర్గంధమును, చిన్న యీగలను, బూజును తెచ్చును. ఎలుకపిల్లల నిచ్చువారును గలరు గాని యదియు అనవసరమే.

ఎట్లు తినును? ఏల తక్కువ చాలును?

ఈ జీవికి నమలు పండ్లు లేవు. దగ్గఱకు వచ్చిన పురుగును రెండు కోరలతో పొడిచి విషమెక్కించి పట్టుకొని, దానిపై జీర్ణరసమును క్రక్కి, లోపలి భాగములు కరగి ద్రవమైన పిమ్మట పీల్చుకొనును. ఇందుకు కొన్ని గంటలు పట్టవచ్చును. తుదకు మిగులునది చిన్న యుండవంటి పిప్పి మాత్రమే. చెఱకు నమలి యుమిసిన పిప్పిని చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును.

మనము దినమునకు రెండు మూడు మాఱులు తినుట కొక కారణము, మన దేహమును ఎల్లవేళల వెచ్చగా నుంచుకొనవలసివచ్చుట. తిన్నదానిలో పెద్దభాగ మందులకే వ్యయమగును. సాలీటికి ఆ వ్యయము లేదు. గది యెంత వెచ్చగా నున్నదో దాని యొడలును అంతియే. అడవిలో నది తన బొరియ వాకిట కూర్చుండి, పురుగేదైన తానుగా దారిని వచ్చువఱకు కదలక కాచుకొనియుండును. ఒకనాడు దొరకును, మఱి కొన్ని వారములు దొరకకపోవును. దొరకిననాడు కడుపార తిని దాచుకొనుటకు, దొరకనినాడు ఊరకుండుటకు దాని దేహ మమరియున్నది. దాని పొట్ట మెత్తనిది. తిన్నకొలది సాగి, పస్తున్నకొలది క్రుంగును. అదియే దాని గాదె. దినదినము గిన్నె కడిగి వండి వడ్డించు మనకు ఈ పద్ధతి వింతగా దోచును గాని, దానికి మన పద్ధతియే ప్రమాదకరము.

ఎన్నాళ్ల కొకమాఱు?

ఇది వయస్సునుబట్టి యుండును. క్రొత్తగా గ్రుడ్డునుండి వెలువడి కందిగింజంత యున్న పిల్లలకు వారమునకు రెండుమాఱు లాహారము కావలెను. అవి పెరుగు వయస్సువి. వాని పొట్టలో నిలువ తక్కువ. పండ్లపై ముసురు సన్నని యీగలు, మిక్కిలి చిన్న కీచురాళ్లు వానికి తగును. పురుగు పెద్దదైనయెడల చంపి ముక్కచేసి పెట్టవచ్చును. పిల్లసాలీళ్లు చచ్చిన పురుగును గూడ ఇష్టముగా తినును. అంగుళము రెండంగుళములు పెరిగినవానికి వారమున కొకమాఱు చాలును. పూర్తిగా పెరిగినవానికి పది పదునైదు దినముల కొకమాఱు సరిపోవును. చిలీ గులాబీవంటి నెమ్మదిజాతి మూడు వారముల కొకమాఱు తినుచు నేండ్ల తరబడి ఆరోగ్యముగా నుండగలదు.

ఋతువును గూడ గమనింపవలెను. గది చల్లబడినపుడు దాని దేహములోని పనులన్నియు మందగించును, ఆకలియు తగ్గును. వెచ్చదనము పెరిగినపుడు మరల తినును. చలికాలమున తినకుండుటను రోగమని తలపరాదు.

ఎంత?

పురుగు పొడవు సాలీటి పొట్ట పొడవునకు మించకుండుట మేలు. అంతకన్న పెద్దదైనయెడల అది పెనుగులాడి సాలీటినే గాయపఱచవచ్చును. లేదా సాలీడే భయపడి తొలగిపోవును. పెరిగిన సాలీటికి ఒక పెద్ద కీచురాయి, లేదా మధ్యరకపువి రెండు, ఒక పూటకు చాలును. నాలుగైదు కీచురాళ్లను ఒక్కమాఱే పెట్టెలో వదలి "ఆకలైనపుడు తినుగాక" అని యూరకుండుట తప్పు. తినని పురుగును ఒక రాత్రి గడచినతోడనే తీసివేయవలెను. ఇందులకు కారణ మీ క్రింద చెప్పుదుము.

దినముల లెక్కకన్నను, పురుగుల లెక్కకన్నను నమ్మదగిన కొలత యొకటి కలదు. అది పొట్ట. సాలీటి దేహమున రెండు భాగములు కనబడును: కాళ్లు పుట్టిన ముందుభాగము, వెనుకనున్న గుండ్రని పొట్ట. పొట్ట ముందుభాగముకన్న చిన్నదై ముడుతపడినయెడల ఆహారము పెంచవలెను. ముందుభాగమంత, లేక దానికి ఒకటిన్నరవంతు ఉన్నయెడల సరిగా నున్నదన్నమాట. దానికి రెండింతలై, నేలను రాచుకొనుచు నిగనిగలాడుచున్నయెడల పెట్టుట మానివేయవలెను. పొట్ట తగ్గువఱకు నీరు మాత్ర ముంచవలెను. పసిపిల్లల డొక్క చూచి ఆకలి పోల్చు తల్లులకు ఈ విద్య క్రొత్తది కాదు.

అధికముగా పెట్టిన కీడేమి?

"కొంచె మెక్కువైన నేమి? బలమేగదా" అని కొందఱు తలంపవచ్చును. నేలపై నుండు సాలీళ్లు బరువైనవి. ఎక్కుటలో నేర్పు లేనివి. పొట్ట మిక్కుటముగా నిండినది గాజుగోడ నెక్కి జాఱిపడినయెడల, జానెడు రెండు జానల యెత్తునుండియైనను, ఆ మెత్తని పొట్ట పగిలి చచ్చును. అందువలననే పెట్టెలో కొబ్బరిపీచు పొడినో మెత్తని మట్టినో మందముగా పఱచి, పైన ఎక్కుటకు తావు తక్కువగా నుంచవలెనని యనుభవజ్ఞులు చెప్పుదురు. నేలను రాచుకొను పొట్టకు పుండ్లు పడుటయు కలదు. ఇంతేకాక, ఎక్కువ తిండియు ఎక్కువ వెచ్చదనమును వాని యెదుగుదలను తొందరపఱచును. మగవాని విషయమున తొందరగా నీడేరుట యనగా తొందరగా ఆయువు తీరుటయే.

ఇక సోదరి మనోబాధను గుఱించి యొకమాట. సాలీడు కూరగాయలతో బ్రదుకదు. దానికి పురుగే యాహారము. ఈ సంగతి మనసున కెక్కనివారు దానిని పెంపకమునకు తేకుండుటయే మంచిది. కాని తెచ్చిన పిమ్మట, లేదా బిడ్డ యప్పగించిన పిమ్మట, చేయదగిన దొకటి కలదు: అవసరమునకు మించి యొక్క ప్రాణమైనను వేయకుండుట. దినమున కొకటి చొప్పున నెలకు ముప్పది కీచురాళ్లు వేసిన చోట రెండు మూడు చాలునని తెలిసిన, సాలీటికి మేలు, కీచురాళ్లకు మేలు, పెట్టువారి మనస్సునకును మేలు. ప్రాణముతో వేయలేనివారు పురుగును మంచుపెట్టెలో నుంచి చచ్చిన పిమ్మట తీసి, గది వేడికి వచ్చినంత పట్టకారుతో సాలీటి ముందుంచవచ్చును. అన్నియు కాకున్నను, చాల సాలీళ్లు దానిని పుచ్చుకొనును.

తినుట మానినపుడు

లంఖణము పరమౌషధమని మన పెద్దలందురు. ఈ జీవి విషయమున ఆ మాట అక్షరాల నిజము. అది తినకపోవుటకు కారణములు పలు విధములు. కడుపు నిండియుండవచ్చును. చలి సోకియుండవచ్చును. క్రొత్తచోటికి మార్చబడి బెదరియుండవచ్చును. మగదైనయెడల ఈడేరి, తిండి మఱచి, జత వెదకుచు తిరుగుచుండవచ్చును. చిలీ గులాబీ జాతి కారణము కనబడకయే నెలల తరబడి పస్తుండుటలో పేరొందినది. ఏడాదికి మించి తినక, పిమ్మట తానుగా తినసాగినవియు కలవు.

అన్నిటికన్న ముఖ్యమైన కారణము కుబుసము విడుచుట. పామువలెనే సాలీడును పాత చర్మమును విడిచి పెరుగును. చిన్నవి తఱచుగా, పెద్ద ఆడవి ఏడాదికో రెండేండ్లకో యొకమాఱు కుబుసము విడుచును. దానికి ముందు కొన్ని వారములు, పెద్దవైన కొన్ని నెలలు, తినుట మానును. పొట్ట రంగు మందగించి ముదురుపడును. అమెరికా జాతులలో పొట్టపై రోమములు రాలిన చోట చర్మము నల్లబడును. సాలీడు మెత్తని దారముతో నేలపై చాపవంటి పొరను నేసి, ఒకనాడు దానిమీద వెల్లకిల పరుండును.

సోదరీమణులారా, ఈ స్థితిలో దానిని చూచి చచ్చినదనుకొని పాఱవేసినవారు కలరు. అట్లు చేయవలదు. కాళ్లు పైకెత్తి వెల్లకిల పరుండుట ప్రాయికముగా కుబుసమునకు గుఱుతు. చావునకు గుఱుతు వేఱు: అప్పుడు సాలీడు బోరగిలనే యుండి, కాళ్లన్నియు పొట్టక్రిందికి పిడికిలివలె ముడుచుకొనును. దాని కాళ్లు ముడుచుటకు కండలున్నవి గాని, చాచుటకు లోపలి ద్రవము ఒత్తిడియే యాధారము. ద్రవము తగ్గినపుడు కాళ్లు చాపలేదు. కావున ముడుచుకొన్న కాళ్లను చూచినతోడనే తిండి కాదు, నీరు చూడవలెను. లోతులేని నీటిపళ్లెమునకు దాని నోరు చేరునట్లు మెల్లగా నుంచవలెను.

కుబుసము విడుచునపుడు తాకరాదు, పెట్టెను కదల్చరాదు, నీరు చల్లరాదు. కొన్ని గంటలలో నది తానుగా వెలువడును. అప్పుడు దాని దేహమంతయు, కోరలుకూడ, మెత్తగా నుండును. అది నోటి లోపలి పొరను, పీల్చు కడుపు లోపలి పొరను గూడ విడుచును. కావున వెంటనే తినలేదు. అట్టి సమయమున పెట్టెలో మఱచిన కీచురాయి యొకటి యున్నను అది సాలీటినే కొఱికి తినవచ్చును. తినని పురుగును తీసివేయుడని మేము పైన చెప్పుటకు కారణ మిదియే. కోరలు మొదట తెల్లగను, పిమ్మట ఎఱ్ఱగను, తుదకు నల్లగను మాఱును. నల్లబడిన పిమ్మటనే యాహార మీయవలెను. చిన్నవానికి నాలుగైదు దినములు, పెద్దవానికి పది పదునైదు దినములు వేచియుండుట మంచిది.

నీరు

తిండి లేక నెలలు గడపు జీవి నీరు లేక గడపలేదు. లోతులేని చిన్న పళ్లెములో మంచినీరెల్లప్పుడు నుండవలెను. రెండు మూడు దినముల కొకమాఱు కడిగి మార్చవలెను. కొందఱు నీటిలో స్పాంజి ముక్క నుంచుదురు. అది మురికిని పెంచుటకు తప్ప పనికిరాదు. కీచురాళ్లు పడి చావకుండుటకు రెండు గులకరాళ్లు వేసిన చాలును. ఊరికి పోవువారు కీచురాళ్లను నింపి పోనక్కఱలేదు. పెరిగిన సాలీటికి పళ్లెము నిండ నీరుంచి పది దినములు నిశ్చింతగా పోవచ్చును.

వంటింటి జాగ్రత్తలు

ఇంట పట్టిన బొద్దింకను సాలీటికి వేయుట చౌకయని తోచవచ్చును. అది మిక్కిలి ప్రమాదము. మనయింటనో పొరుగింటనో చల్లిన బొద్దింకలమందును అది తినియుండవచ్చును. ఆ విషము సాలీటి కెక్కును. పురుగులను చంపుటకు చేసిన మందు సాలీటిని గూడ చంపునని మఱవరాదు. దోమలబత్తి, గోడకు తగిలించు దోమలమందు, గోమారులు చచ్చుటకు కుక్కపిల్లుల మెడపై రాయు మందు, ఇవన్నియు దానికి కీడు. వానిని ముట్టిన చేతులతో పెట్టెను ముట్టరాదు. ఆహారమునకై పెంచిన పురుగులనే కొనవలెను. వానికిని రెండుదినముల ముందునుండి క్యారెట్టు, బంగాళాదుంప, కడిగిన ఆకుకూర పెట్టినయెడల వాని బలము సాలీటికి చేరును.

పిప్పిని తఱచు తీసివేయవలెను. ఏ పనికైనను పొడవైన పట్టకారు వాడవలెను. వ్రేళ్లతో తిండి నందింపరాదు. అమెరికా జాతులు వెనుకకాళ్లతో పొట్టమీది సన్నని రోమములను విదల్చును. అవి చర్మమున దురదను, కంటిలో పడిన మిక్కిలి బాధను కలిగించును. ముఖము పెట్టెపై వంచరాదు. పనియైన తరువాత చేతులు కడుగుకొనవలెను. చిన్నపిల్లలకు అందనిచోట పెట్టె నుంచి, మూత బిగించవలెను.

మన గుత్తి సాలీడు

ఇంతవఱకు మేము చెప్పినది ముఖ్యముగా నేలపై నుండు జాతులకు చెల్లును. చెట్లపై నుండు జాతులు వేఱు తీరువి. అవి సన్ననివి, మెఱుపువలె పరుగెత్తునవి, తఱచు తినునవి. పెరిగినవానికి వారము పది దినముల కొకమాఱు, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట, అవి తొఱ్ఱలో నున్నపుడు మాత్రమే మూత తెఱచి ఆహారము వేయవలెను. వానిలో లోకమంతట పెంపకందార్లు ముచ్చటపడు జాతి యొకటి మనదే. నిగనిగలాడు నీలివన్నెపై తెలుపు, బూడిద, పసుపు చిత్రములు గల ఆ సాలీటిని, గుత్తి రైల్వే కలప అడితిలో దొరకిన యొక్కదానినిబట్టి, 1899వ సంవత్సరమున పోకాక్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. అది గుత్తి నివాసి కాదు. కలపతో రైలెక్కి వచ్చినదని తరువాత భావించిరి. నూటరెండేండ్లవఱకు మరల నెవరికిని కనబడలేదు. 2001వ సంవత్సరమున నంద్యాల గిద్దలూరుల నడుమనున్న అడవిలో, పెద్దచెట్ల తొఱ్ఱలలో దొరకెను. అచ్చటి వంటచెఱకు నఱకుడువలన దాని నెలవు చిక్కిపోవుచున్నందున, 2008వ సంవత్సరమున దానిని అంతరించు ప్రమాద మత్యధికముగా గల జాతులలో చేర్చిరి. 2019వ సంవత్సరమున ఆ ప్రజాతియంతటి వర్తకమును అంతర్జాతీయ ఒడంబడిక క్రిందికి తెచ్చిరి. దాని కాటు ప్రాణము తీయకపోయినను కండరములను దినములకొలది పీకునట్లు చేయును.

విదేశమున నున్న మన సోదరులు, సోదరీమణులు "మన యూరి సాలీడు" అని దానిని కొనగోరినయెడల, పెంపకమున పుట్టినదేనా యని విచారించి, ఆ దేశపు చట్టము నెఱిగి కొనవలెను. ఇచ్చటివారు అడవినుండి పట్టి తెచ్చుట యెంతమాత్రము తగదు. ఒడంబడిక పట్టికలలోని యన్యదేశ జంతువులను పెంచువారు ప్రభుత్వమునకు తెలుపవలెనని 2022వ సంవత్సరమున సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము విధించుచున్నది.

తుదిగా నొక సులభోపాయము. చాకలిపద్దు వ్రాసికొనునట్లే యొక చిన్నపుస్తకము పెట్టెప్రక్క నుంచుకొనుడు. ఆహారము వేసిన తేది, తినెనా మానెనా, నీరు మార్చిన తేది, కుబుసము విడిచిన తేది, పొట్ట యెట్లున్నది, ఇంతమాత్రము వ్రాసిన చాలును. ఆఱునెలల పద్దు చూచినచో దాని ఆకలికిని పస్తునకును గల వరుస తెలియును. ఎన్నాళ్ల కొకమాఱను ప్రశ్నకు ఆ పుస్తకమే మాకన్న చక్కగా ప్రత్యుత్తరము చెప్పును. ఇంట మఱియొకరు ఆ బాధ్యతను తీసికొనవలసి వచ్చినపుడు దానినే చేతికీయవచ్చును. "అప్పుడప్పుడు" అని చెప్పవలసిన పని యుండదు.